రాలిన కాయకే రేటు

మా చిత్తూరులో రాలిన మామిడికాయకు రేటుండదు. మే నెలలో రాత్రి పూట ఒక్క గాలి కొట్టిందంటే తెల్లారేసరికి తోటంతా కాయలు పరుచుకుని ఉంటాయి. మా నాయన లుంగీ ఎగ్గట్టి చెట్టు చెట్టుకూ తిరుగుతాడు, నోట్లోంచి ఒక్క మాట రాదు. అమ్మ మాత్రం గంప తెచ్చుకుని ఏరుతుంది. దెబ్బ తగలనివి ఊరగాయకు, తగిలినవి చుట్టుపక్కల ఇళ్లకు, పగిలినవి ఆవుకు. కాయలు కొనే ర్యాంపుకు తోలుకుపోతే "ఇవి రాలు కాయలు కదా" అని పక్కకు తోసేస్తారు. చిన్నప్పటి నుంచీ నాకు తెలిసిన లెక్క ఇదే. చెట్టు మీద ఉంటే డబ్బు, నేల తాకితే చెత్త.

ఈ లెక్క తలకెక్కిన మనిషిని నేను. అలాంటిది 2019 జనవరిలో దక్షిణాఫ్రికాలో మారులా అనే ఒక చెట్టు కింద నిలబడి, చేతికందిన కొమ్మ నుంచి ఒక కాయ తెంపబోతే, ఒక ముసలామె నా చెయ్యి మీద చెళ్లుమని ఒకటిచ్చింది. కింద పడి ఉన్న కాయల వైపు వేలు చూపించింది. "అది కాదు, ఇవి" అని భాష తెలియకపోయినా అర్థమైపోయింది.

నేను అక్కడికి ఎలా పోయానో చెప్పాలి. నేను చిత్తూరు పక్కన ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫిట్టర్‌ని. తోతాపురి దిగే రెండు మూడు నెలలూ మాకు పండగలూ పెళ్లిళ్లూ ఉండవు. ఆ తర్వాత ఫ్యాక్టరీలో చీమ కూడా ఉండదు. అక్కడ మాత్రం సీజను మనకు తిరగబడి ఉంటుంది, మామిడి డిసెంబరు నుంచి మార్చి దాకా వస్తుంది. మాకు పల్పర్లు, అంటే గుజ్జు తీసే మిషన్లు, అమ్మే కంపెనీ వాళ్లు ఒక మిషన్‌ని లింపోపో ప్రాంతంలో, త్సానీన్ అనే ఊరికి అవతల ఒక ఫ్యాక్టరీలో బిగించడానికి మనిషి కావాలన్నారు. నాకు పాస్‌పోర్టు ఉంది, పనీ లేదు. జొహానెస్‌బర్గ్‌లో దిగి, అక్కడి నుంచి ఆరు గంటలు రోడ్డు మీద పోయాను.

మిషన్ వచ్చింది గానీ దాని జల్లెడలు వేరే సైజువి వచ్చాయి. తప్పెవరిదో ఇక్కడ రాయను, ఆ గొడవ ఫోన్లలో చాలానే అయింది. సరైనవి వచ్చేదాకా పన్నెండు రోజులు నాకు చేతినిండా ఖాళీ. ఆ పన్నెండు రోజుల్లో నేను చూసిందే ఈ పోస్టు.

ఆ ఫ్యాక్టరీ ఆవరణలో లారీలు తిరిగే జాగాలో, సరిగ్గా మధ్యన ఒక పెద్ద చెట్టు ఉంది. లారీ వెనక్కి తీసేటప్పుడల్లా డ్రైవర్లు తిట్టుకుంటూ దాన్ని చుట్టి పోతున్నారు. మన దగ్గరైతే ఫ్యాక్టరీ పునాది కంటే ముందు ఆ చెట్టు పోయేది. ఎందుకు కొట్టలేదని అడిగితే ఆపరేటర్ కుర్రాడు నవ్వి, "అది మారులా" అన్నాడు. దక్షిణాఫ్రికాలో 1998 నాటి అడవుల చట్టం కింద అది రక్షిత వృక్షం. లైసెన్సు లేకుండా కొట్టడానికి లేదు, పొలం మనదైనా సరే. బూడిద రంగు బెరడు, అక్కడక్కడా పెచ్చులు లేచి మచ్చలు మచ్చలుగా ఉంది. దూరం నుంచి చూస్తే మన గుంపెన చెట్టు గుర్తొస్తుంది. తర్వాత తెలిసింది, రెండూ చుట్టాలేనని.

ఆ చుట్టరికం సంగతి పెద్దది. మారులా, మామిడి, జీడిమామిడి, నల్లజీడి, సార చెట్టు, గుంపెన అన్నీ ఒకే కుటుంబం. మామిడి కాడ తుంచితే కారే సొన చేతులు కాలుస్తుంది చూడండి, ఆ గుణం ఈ ఇంట్లో చాలామందికి ఉంది. శాస్త్రవేత్తలు మారులాకు పెట్టిన పేరు స్క్లెరోకారియా. గ్రీకులో గట్టి టెంక అని అర్థం. పెట్టినవాడు టెంక కొట్టి చూసే పెట్టి ఉంటాడు, అనుభవం మీద చెప్తున్నాను.

నా చెయ్యి మీద కొట్టిన ముసలామె ఆ ఆపరేటర్ కుర్రాడి అవ్వ. అందరూ ఆమెను గోగో అనేవాళ్లు. అక్కడ గోగో అంటే అవ్వ. నేనూ గోగో అనే పిలిచాను. వాళ్లు మాట్లాడేది త్సోంగా భాష. మారులా చెట్టును వాళ్లు న్‌కాన్యి అంటారు. వాళ్ల ఇల్లు ఫ్యాక్టరీకి రెండు కిలోమీటర్లు, చుట్టూ కంచె, కంచె లోపల మూడు మారులాలు. ఒక్కటీ నాటింది కాదు. పక్షులో మేకలో వేసిన టెంకలు మొలిచాయి, వాళ్లు కొట్టకుండా వదిలేశారు, అంతే.

మూడింటిలో ఒకటి కాయదు. మారులాలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు, మన పోతుతాడు, పెంటితాడు లెక్క. కాయని చెట్టు ఎందుకు ఉంచారని అడిగాను. "అది లేకపోతే ఇవి కాస్తాయా?" అని గోగో అడిగింది. నాకు మా ఊళ్లో పోతుతాళ్లను దూలాలకు కొట్టేసిన రోజులు గుర్తొచ్చాయి.

ఇప్పుడు కాయ సంగతి. పెద్ద నిమ్మకాయంత ఉంటుంది. చెట్టు మీద పండదు. పచ్చగా ఉండగానే తొడిమ వదిలేసి రాలిపోతుంది, నేల మీద రెండు మూడు రోజుల్లో పసుపు రంగుకు తిరుగుతుంది. అందుకే కోయకూడదు. కోస్తే వగరు, పులుపు, సొన. మన కాయ కూడా కోశాక గడ్డిలో కావు వేస్తేనే పండుతుంది కదా, అయితే మన కాయను మాగబెట్టేది మనం, దాన్ని మాగబెట్టేది నేలే.

తినడానికి ఒక పద్ధతుంది. తోలు మందం, చెప్పు తోలులా ఉంటుంది. గోగో పండును రెండు అరచేతుల మధ్య పెట్టి నలిపి, పంటితో చిన్న బొక్క పెట్టి, అందులోంచి పిండుకుని పీల్చింది. మన రసం మామిడి తిన్నట్టే. నేనూ అలాగే చేశాను. లోపల గుజ్జు తెల్లగా, కొంచెం అద్దంలా, ముంజలా జారుతుంది గానీ టెంకను మాత్రం వదలదు. నోట్లో ఎంత తిప్పినా పీచు పీచుగా పట్టుకునే ఉంటుంది. రుచి చెప్పాలంటే, పైనాపిల్, జామ కలిపి కొంచెం పులుపు తగిలించి, చివర్లో మామిడి సొన వాసన వేసినట్టు. మొదటిది నచ్చలేదు. నాలుగోది తినేటప్పుడు లెక్క పెట్టడం మానేశాను. నారింజ కంటే విటమిన్ సి రెట్ల లెక్కన ఎక్కువ ఇందులో.

పల్పర్ మనిషిని కాబట్టి నాకు వెంటనే వచ్చిన ఆలోచన, దీన్ని మిషన్‌లో వేస్తే ఏమవుతుందని. తోతాపురి అయితే టెంక ఒక పక్కకు, గుజ్జు ఒక పక్కకు ఇట్టే విడిపోతాయి. ఇది విడిపోదు, టెంక పెద్దది, గుజ్జు తక్కువ, పైగా జిగురు. అయినా దీన్ని కూడా ఫ్యాక్టరీకి తోలుతున్నారు. ఎయిర్‌పోర్టులో ఏనుగు బొమ్మతో అమారులా అని మద్యం సీసాలు కనిపిస్తాయి చూడండి, అది ఈ పండే. 1989లో మార్కెట్లోకి వచ్చింది. ఊళ్ల వాళ్లు అడవిలో ఏరి తెచ్చిన పండ్లను ఫాలబోర్వా అనే ఊళ్లో గుజ్జు చేస్తారు. ఆ గుజ్జును దేశం ఆ చివరికి పంపి, పులియబెట్టి, బట్టీ దించి, చెక్క పీపాల్లో రెండేళ్లు ఉంచి, పాల మీగడ కలుపుతారు. తోట లేదు, కౌలు లేదు, మందు కొట్టింది లేదు. రాలినవి ఏరుకొచ్చి తూకం వేయడమే. రాలు కాయ మీద నిలబడ్డ ఫ్యాక్టరీ ఉంటుందని మా నాయనకు ఫోన్లో చెప్తే, "నాకు కథలు చెప్పొద్దురా" అన్నాడు.

అయితే ఊళ్లో దాని అసలు వాడకం వేరు. ఒక శనివారం గోగో ఇంటికి ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. పండ్లు గోతాల్లో ఉన్నాయి. చెట్టు కింద కూర్చుని ఒక్కొక్కరూ పండు తీసుకుని, ముల్లు చెంచాతో తోలుకు పోటు పొడిచి, మెలిపెట్టి, టెంకా గుజ్జూ కలిపి ప్లాస్టిక్ డ్రమ్ములోకి పిండుతున్నారు. ముందు రోజుల్లో ఆవు కొమ్ము ముక్కతో పొడిచేవాళ్లట. తోలు ఒక పక్క కుప్ప. డ్రమ్ములో నీళ్లు పోసి చేత్తో కలియబెట్టి, టెంకలకు అంటిన గుజ్జు వదిలేదాకా పిసికి, టెంకలు తీసేశారు. పైన గుడ్డ కట్టి నీడలో పెట్టారు. ఈస్టు వేయలేదు, చక్కెర వేయలేదు. తోలు మీద ఉండేదే దాన్ని పులియబెడుతుంది. రెండు రోజులకు పైన మందంగా తెట్టు కట్టింది, దాన్ని తోసేసి కిందది ముంచి ఇచ్చారు. వుకాన్యి అంటారు దాన్ని. మన ఈత కల్లు పొద్దున పూట తాగినట్టు, కొంచెం పుల్లగా, బుడగలు బుడగలుగా. మూడో రోజు అయితే ఇంకా ఘాటట, నేను ఆ సాహసం చేయలేదు, అవతల మిషన్ కమిషనింగ్ ఉంది.

దీన్ని పూర్వం అమ్మకూడదట. ఇరుగూ పొరుగూ పిలిచి పోయాలి, ముందు పెద్దలకు నేల మీద వొలకబోయాలి. ఇప్పుడు రోడ్డు పక్కన సీసాల్లో పెట్టి అమ్ముతున్నారు, నేను దారిలో చూశాను. గోగో మాత్రం అమ్మదు. తాగినవాళ్లు తలా ఒక పాట పాడి పోయారు. పక్కనే నమీబియాలో కూడా ఈ పండు పానీయానికి ఒక పండగ ఉంది. 2015లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది.

ఏనుగుల సంగతి ఎవరైనా అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. రాలి పులిసిన మారులా పండ్లు తిని ఏనుగులు మత్తెక్కి తూలతాయని కథ. 2006లో బ్రిస్టల్ యూనివర్సిటీ వాళ్లు లెక్కలు కట్టి, అంత బరువున్న జంతువుకు ఆ పండ్లతో మత్తెక్కడం జరిగే పని కాదన్నారు, పైగా అవి చెట్టు మీద కాయే ఇష్టంగా తింటాయట. 2020లో ఇంకొకరు, ఏనుగు ఒంట్లో మద్యాన్ని అరిగించే జన్యువు ఒకటి పనిచేయదు కాబట్టి తక్కువకే ఎక్కొచ్చు అన్నారు. వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారు. మాకు పలమనేరు వైపు కౌండిన్య అడవిలోంచి వచ్చే ఏనుగులు మత్తు లేకుండానే తోటలు తొక్కిపోతున్నాయి.

నాకు అన్నిటికంటే నచ్చింది టెంక. మా ఫ్యాక్టరీలో టెంక అంటే తలనొప్పి. సీజన్లో రోజూ ట్రాక్టర్లకు ట్రాక్టర్లు పోతుంది, వాసన, ఈగలు, పక్క ఊరి వాళ్ల గొడవ. కొంత నర్సరీల వాళ్లు మొలకలకు తీసుకెళ్తారు, మిగతాది ఎండబెట్టి పొయ్యిలోకి. మామిడి జీడి నుంచి తీసే కొవ్వును చాక్లెట్లలో వాడొచ్చని తెలుసు గానీ మా దాకా ఆ వ్యాపారం రాలేదు. అక్కడ గోగో డ్రమ్ములోంచి తీసిన టెంకలను ఒక్కటి కూడా పారేయలేదు. గుడిసె కప్పు మీద ఎండబోసింది. అవి ఎండాక, పండు అయిపోయిన నెలల్లో, తీరిగ్గా కొట్టుకుంటారు.

కిందటి ఏడాది టెంకలు ఒక గోతం ఉంటే నాకు కొట్టి చూపించింది. టెంక గుండ్రంగా, చింతగింజ రంగులో, రాయిలా ఉంటుంది. దాని మీద చిన్న చిన్న మూతలు రెండో మూడో ఉంటాయి, జాగ్రత్తగా చూస్తే గాని కనపడవు. ఒక్కో మూత కింద ఒక్కో పప్పు. గోగో ఒక బండ మీద, వాడకంతో గుంట పడిన చోట, టెంకను నిలబెట్టి, వేళ్లతో పట్టుకుని, పాత గొడ్డలి వెనక భాగంతో ఒక్కటి వేసింది. మూత ఎగిరిపోయింది. గుడ్డకు గుచ్చుకునే పిన్నీసు వంచి పెట్టుకుంది, దాంతో లోపలి పప్పును గిచ్చి బయటికి లాగింది. వేలిగోరంత, బాదం చెక్కలా, పైన పల్చటి పొర. నోట్లో వేసుకుంటే జీడిపప్పుకూ బాదానికీ మధ్యన, నూనె నూనెగా. అందులో సగానికి పైగా నూనేనట. ఆ నూనె తొందరగా పాడై వాసన రాదు.

ఇంత కష్టం ఎందుకు, నేను మిషన్ మనిషిని అని గొప్పగా పది టెంకలు జేబులో వేసుకుని వర్క్‌షాపుకు పోయాను. బెంచి వైస్‌లో బిగించి తిప్పాను. టెంక పేలినట్టు పగిలింది, పప్పు పెంకులతో కలిసి పిండైపోయింది. అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా, ఎలా బిగించినా అంతే. పదికి పది పాడు చేశాను. ఆ బలం మూత మీద పడాలి, టెంక మీద కాదు. ఆ సంగతి ఎనభై ఏళ్ల ఆమె చేతికి తెలుసు, నా ఐటీఐ సర్టిఫికెట్‌కు తెలియదు. కుర్రాడు ఈ విషయం ఇంట్లో చెప్పేశాడు, తర్వాత నేను ఎప్పుడు కనపడ్డా గోగో చేత్తో వైస్ తిప్పినట్టు చూపించి నవ్వేది.

గోగో టెంక కొట్టే చప్పుడు విన్నప్పుడు నాకు మా అవ్వ గుర్తొచ్చింది. అవ్వ పుట్టిల్లు తలకోన కింద. వేసవిలో అడవిలోంచి సార పండ్లు తెచ్చేది, మేం తిని గింజలు ఉమ్మితే ఒక మూలకు చేర్చేది. వాటిని ఎండబెట్టి, తిరగలిలో పైపైన నలిపి, చేటతో చెరిగి, పగలని వాటిని మళ్లీ రాయితో కొట్టేది. రెండు రోజులు కూర్చుంటే ఒక గ్లాసు సారపప్పు. అది పాయసంలోకి, పండక్కి మాత్రమే. మేం దొంగతనంగా గుప్పెడు తింటే ఎంత పని తిన్నామో అప్పుడు తెలియలేదు. సార చెట్టూ మారులా ఒకే ఇంటి పిల్లలని తెలిశాక, ఇద్దరు ముసలాళ్లూ ఒకే పని చేయడంలో వింతేమీ అనిపించలేదు. ఈ అలవాటు వయసు కూడా చిన్నది కాదు. జింబాబ్వేలో పోమోంగ్వే అనే గుహలో వేల ఏళ్ల నాటి మారులా టెంకలు గుట్టలుగా దొరికాయి, అక్కడ తిన్న కాయలు 2.4 కోట్లని లెక్క కట్టారు.

ఆ మారులా పప్పు ఏం చేస్తారంటే, దంచి కూరలో వేస్తారు. గోగో ఇంట్లో నేను తిన్న భోజనం చెప్తాను, చిత్తూరు వాళ్లు మీరే చెప్పండి ఇది ఎక్కడిదో. జొన్నపిండి కాదు, తెల్ల మొక్కజొన్న పిండిని మరిగే నీళ్లలో పోసి కట్టెతో కెలికి ముద్ద చేశారు. అచ్చం సంగటి. పక్కన అడవి ఆకుకూర ఉడకబెట్టి, అందులో దంచిన మారులా పప్పు. మేము ఆకుకూరలో చెనక్కాయల పొడి వేసినట్టే. చేత్తో ముద్ద తుంచి, కూరలో అద్ది తినడం. ఊరిబిండి పచ్చడి ఒక్కటి తక్కువైంది.

నేను కూడా వండి పెట్టాలి కదా. మామిడికాయ పప్పు చేసినట్టు మారులా పప్పు చేద్దామనుకున్నాను. కందిపప్పు, మెంతులు, ఎండుమిరపకాయలు నా సూట్‌కేసులోనే ఉన్నాయి. అప్పుడే రాలిన పచ్చి కాయలు తెచ్చి, తోలుతో సహా తరిగి వేశాను. అది తప్పు. తోలు చేదెక్కింది, గుజ్జు జిగురుగా సాగింది, పప్పంతా బెండకాయ పులుసులా తీగలు తీగలుగా వచ్చింది. ఇంగువ పోపు దాన్ని కొంత కాపాడింది. గోగో మర్యాదకు రెండు ముద్దలు తింది. మరుసటి రోజు తోలు తీసి, గుజ్జు నీళ్లలో పిసికి వడకట్టి, చింతపండు బదులు ఆ నీళ్లతో చారు పెట్టాను. అది కుదిరింది. మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి. కుర్రాడు మూడు కప్పులు తాగి, ఇది జలుబుకా అని అడిగాడు. చింతపండు చూపిస్తే గోగోకు అది కొత్త. చింతచెట్టు పుట్టిల్లే ఆఫ్రికా అని నేను తర్వాత చదివి నవ్వుకున్నాను. మన చారు మొత్తం వాళ్ల చెట్టు మీద ఆధారపడి ఉంది, నేనేమో వాళ్లకు చారు నేర్పుతున్నాను.

జల్లెడలు వచ్చాయి, మిషన్ ఎక్కింది, మార్చిలో తిరిగొచ్చాను. నాలుగు టెంకలు తెద్దామని చాలా అనిపించింది. ఇజ్రాయెల్‌లో నెగెవ్ ఎడారిలో నాటితే కాశాయంటున్నారు, మా బంగారుపాళ్యం ఎండకు కాయకుండా ఉంటుందా? కానీ అనుమతి లేకుండా విత్తనం దేశంలోకి తేకూడదు. బ్యాగులోంచి తీసి గోగో బండ పక్కనే పెట్టేసి వచ్చాను. తెచ్చుకున్నది ఒక చిన్న సీసా మారులా జెల్లీ, తేనె రంగులో ఉంటుంది. నాయన దోసెలో వేసుకుని తిని, "పుల్లగా బాగుందే" అని, "కేజీ ఎంతట?" అన్నాడు.

కుర్రాడు ఇప్పటికీ వాట్సాప్‌లో ఉన్నాడు. ప్రతి ఏడాదీ మొదటి పండు రాలినప్పుడు ఫోటో పెడతాడు. గోగో 2022లో పోయింది, ఆ బండ ఇప్పుడు వాళ్ల అమ్మ వాడుతోంది. నేను జూన్‌లో మా తోట ఫోటో పెడతాను. 2025 సీజన్‌లో తోతాపురి రేటు పడిపోయింది కదా, ప్రభుత్వం కేజీకి 4 రూపాయలు కలిపి ఇస్తామన్న ఏడాది. ర్యాంపు బయట ట్రాక్టర్ల వరస ఫోటో తీసి పంపాను. ఇదంతా ఎంతకు అమ్ముతారు అని అడిగాడు. ఫ్యాక్టరీ ఇచ్చేది 8 రూపాయలు, మీ లెక్కలో రెండు ర్యాండ్లు కూడా కాదు అని రాశాను.

కాసేపటికి జవాబొచ్చింది. "ఒక కాయకా?"